కండలు సొంతవే

ప్రశ్న: 'సూపర్‌మ్యాన్' క్రిస్టఫర్ రీవ్ కండలు నిజమైనవేనా? తర్వాత ఆయన ఏమయ్యారు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నిజమైనవే. దుస్తుల లోపల కృత్రిమ కండలు పెడతామంటే ససేమిరా అన్నారు. బ్రిటిష్ బాడీబిల్డర్ డేవిడ్ ప్రౌజ్ దగ్గర కసరత్తు చేసి పెంచుకున్నారు. నాకైతే 1978 చిత్రంలో ఒక్క క్షణం చాలు: సూపర్‌మ్యాన్ మారువేషమైన బెరుకు విలేకరి క్లార్క్ కెంట్ కళ్లజోడు తీసి, వంగిన భుజాలు నిటారుగా చేయగానే ఎదుట వేరే మనిషి నిలబడతాడు. గ్రాఫిక్స్‌కు చేతకాని పని అది!

1995లో వర్జీనియాలో స్వారీ పోటీలో గుర్రం మీది నుంచి పడి, మెడ కింది నుంచి శరీరం చచ్చుబడింది. జూలియార్డ్ నటనా విద్యాలయంలో సహాధ్యాయి, హాస్యనటుడు రాబిన్ విలియమ్స్ రష్యన్ డాక్టరు వేషంలో వెళ్లి ఆసుపత్రిలో నవ్వించారు. శ్వాసయంత్రం ఉండగానే రీవ్ 1997లో టీవీ చిత్రానికి దర్శకత్వం వహించారు. వెన్నుపాము పరిశోధనకు నిధులు కూడగట్టారు; ఆయన, భార్య డేనా పేర్లతో ఉన్న సంస్థ ఆ పని కొనసాగిస్తోంది. 2004లో, 52 ఏళ్లకే కన్నుమూశారు.

మొదటి రెండు చిత్రాలూ చూడండి. నాలుగోది చూడకపోయినా నష్టం లేదు.