సర్వర్ మారింది, బ్యాకప్ లేవడం లేదు

ఈ నెల ఉత్తరాలన్నీ ఒకే బాధ చెబుతున్నాయి. పాత సర్వర్ పోయింది, బ్యాకప్ చేతిలో ఉంది, దొరికిన కొత్త యంత్రం మాత్రం వేరే రకం. గోపాల్‌పూర్ తీరానికి అక్టోబరు అంటేనే గుబులు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. అటు ప్రాణహిత ఒడ్డున వానాకాలం వరద భయం. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చాం.

ప్రశ్న: పిడుగుకు మా సర్వర్ బోర్డు కాలిపోయింది. విండోస్ సర్వర్ 2016, రైడ్ కార్డు (డిస్కులను జతగా నడిపే కార్డు) మీద రెండు డిస్కులు. వేరే కంపెనీ సర్వర్ తెచ్చి పూర్తి ఇమేజి (డిస్కు మొత్తం నకలు) రీస్టోర్ చేశాం. అంతా సవ్యంగా అయిందని చూపింది. రీస్టార్ట్ చేస్తే నీలి తెర మీద ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని వస్తోంది. బ్యాకప్ పాడైందా అండీ?
– రైస్ మిల్లు అకౌంటెంటు, పర్లాకిమిడి

జవాబు: పాడవలేదు. దయచేసి మళ్లీ మొదటి నుంచి రీస్టోర్ చేయకండి. అదే ఇమేజి మళ్లీ వేస్తే అదే తెర మళ్లీ వస్తుంది, రోజు పోతుంది.

జరిగింది ఇదీ. మొదట బూట్ లోడరు (విండోస్‌ను లేపే చిన్న ప్రోగ్రాము) బయోస్ (బోర్డులో ఉండే మొదటి ప్రోగ్రాము) సాయంతో డిస్కు చదివి విండోస్ కెర్నెల్‌ను (గుండెకాయ లాంటి భాగాన్ని) మెమరీలోకి తెస్తుంది. ఆ తరువాత కెర్నెల్ తన సొంత డ్రైవరుతోనే (హార్డువేరుతో మాట్లాడే ప్రోగ్రాముతోనే) డిస్కును చదవాలి. మీ ఇమేజికి పాత రైడ్ కార్డు డ్రైవరే తెలుసు. కొత్త కార్డు డ్రైవరు అసలు లేకపోయినా, ఉండి బూట్ సమయంలో లేచేలా పెట్టి లేకపోయినా, తనున్న డిస్కే తనకు కనబడక విండోస్ ఆగిపోతుంది. మీ ఖాతాలు డిస్కు మీద భద్రంగానే ఉన్నాయి.

ముందు బయోస్ సరిచూడండి. పాత సర్వర్ లెగసీ (పాత బయోస్) పద్ధతిలో బూట్ అయ్యేదా, యూఈఎఫ్‌ఐ (కొత్త) పద్ధతిలోనా? కొత్తదీ అదే పద్ధతిలో ఉండాలి. నీలి తెర దాకా వచ్చిందంటే మీకు ఇది కుదిరినట్టే. ‘బూట్ డివైస్ లేదు’ అని నల్ల తెర వచ్చేవారికి మాత్రం తేడా ఇక్కడే ఉంటుంది. కొత్త యంత్రంలో ఎన్‌విఎంఈ డిస్కు (వేగమైన ఎస్ఎస్‌డి రకం) ఉంటే ఇంటెల్ విఎండి (ఆ డిస్కులను రైడ్‌గా నడిపే బయోస్ అమరిక) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే దానికి వేరే డ్రైవరు కావాలి. రైడ్ అక్కర్లేకపోతే విండోస్ వేయకముందే దాన్ని ఆపేయడం సుఖం.

తరువాత విండోస్ సర్వర్ 2016 ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌తో లేపి, మొదటి తెర మీదే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కండి. ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ తెరుచుకుంటుంది. ‘డిస్క్‌పార్ట్’లో డిస్కులు కనబడుతున్నాయా? లేకపోతే ‘డిఆర్‌వి‌లోడ్’ ఆదేశంతో రైడ్ డ్రైవరు ఐఎన్ఎఫ్ ఫైలును ఎక్కించండి. అయితే ఇది పెన్‌డ్రైవ్ మీద లేచిన విండోస్‌కే పనిచేస్తుంది, మీ డిస్కులోని విండోస్‌కు కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు: డిస్కు కనబడింది కదా అని రీస్టార్ట్ చేస్తారు, మళ్లీ నీలి తెర.

డిస్కులోని విండోస్‌కు డ్రైవరు ఎక్కించేది ‘డిస్మ్’ అనే ఆదేశం. ఇమేజి అన్న చోట మీ విండోస్ ఉన్న డ్రైవు అక్షరం ఇచ్చి, ‘యాడ్-డ్రైవర్’తో డ్రైవర్ల ఫోల్డరు చూపి, లోపలి ఫోల్డర్లనూ వెతికేలా చివర ‘రికర్స్’ తగిలించండి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. పెన్‌డ్రైవ్ మీద లేచినప్పుడు మీ సి డ్రైవు డి గానో ఈ గానో కనబడవచ్చు, ‘డిఐఆర్’ కొట్టి విండోస్ ఫోల్డరు ఎక్కడుందో చూసుకోండి. కంపెనీ సైటులో దొరికే ఈఎక్స్‌ఈ ఫైలు ఇక్కడ పనికిరాదు, దాన్ని విప్పి లోపలి ఐఎన్ఎఫ్, ఎస్‌వైఎస్, క్యాట్ ఫైళ్లు మూడూ తీయాలి. అవీ 2016కు చేసిన 64 బిట్‌వి కావాలి.

కొత్త యంత్రంలో రైడ్ కార్డు లేకుండా మామూలు సాటా డిస్కు ఉంటే కథ వేరు. డ్రైవరు విండోస్‌లోనే ఉంటుంది, నిద్రలో ఉంటుందంతే. రెజెడిట్‌లో (విండోస్ అమరికలు మార్చే సాధనంలో) మీ డిస్కు తాలూకు సిస్టమ్ హైవ్‌ను (ఆ అమరికల ఫైలును) లోడ్ చేసి, కంట్రోల్‌సెట్001, సర్వీసెస్, స్టోర్‌ఏహెచ్‌సిఐ (సాటా డ్రైవరు) దాకా వెళ్లి ‘స్టార్ట్’ విలువను 0 చేయండి. దాని కింద ‘స్టార్ట్‌ఓవర్‌రైడ్’ అనే ఉపకీ ఉంటే అందులోని 3ను కూడా 0 చేయాలి. పైది మార్చి దీన్ని వదిలేస్తే ఫలితం ఉండదు. పని అయ్యాక హైవ్‌ను అన్‌లోడ్ చేయడం మరవకండి.

లేచాక నెట్‌వర్కు పనిచేయదు, కంగారు పడకండి. మీ స్థిర ఐపి చిరునామా పాత కార్డుకే అంటుకుని ఉంది. డివైస్ మేనేజరులో దాచిన పరికరాలు చూపమని, పాత కార్డును తీసేసి, కొత్తదానికి ఐపి ఇవ్వండి. పాత కంపెనీ పర్యవేక్షణ సాఫ్ట్‌వేరును తొలగించండి. విండోస్ ఓఈఎం లైసెన్సు (యంత్రంతో పాటే వచ్చినది) పాత యంత్రంతోనే పోతుంది, ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి.

ప్రశ్న: మా పాత డిస్కు 2 టీబీ, వాడింది 400 జీబీ. కొత్త 1.92 టీబీ ఎస్ఎస్‌డి మీద విండోస్ సర్వర్ బ్యాకప్ రీస్టోర్ కానంటోంది.
– ప్రైవేటు ఆసుపత్రి, బరంపురం

జవాబు: ఆ సాధనం వాడిన చోటు చూడదు, డిస్కు సైజే చూస్తుంది. కొత్తది పాతదానికి సమానంగానో పెద్దగానో ఉండాలి. ఎక్కడైనా ఒక పెద్ద డిస్కు తెచ్చి దాని మీద రీస్టోర్ చేసి, పార్టిషన్ కుదించి, ఆపై ఎస్ఎస్‌డికి క్లోన్ చేయండి. సమయం కూడా చూసుకోండి. గిగాబిట్ నెట్‌వర్కు తీగ మీద సెకనుకు 110 ఎంబీ చొప్పున 400 జీబీకి గంట పడుతుంది. యూఎస్‌బి 2 సాకెట్లో గుచ్చితే మూడు గంటలు దాటుతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచే. కాబట్టి యూపీఎస్‌ను నమ్ముకోకుండా జనరేటరులో డీజిల్ చూసుకుని మొదలుపెట్టండి.

ప్రశ్న: ఆల్మాలినక్స్ 9 (ఒక రకం లినక్స్) సర్వర్‌ను వేరే యంత్రం మీద రీస్టోర్ చేస్తే ‘డ్రాకట్’ అంటూ చాలాసేపు ఎదురుచూసి ఆగిపోతోంది.
– రాయగడ

జవాబు: ఇదీ పైన చెప్పిన విండోస్ డ్రైవరు జబ్బే, పేరు మాత్రం వేరు. ఈ కుటుంబం లినక్సులు తయారైన యంత్రానికి కావలసిన డ్రైవర్లనే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ సమయంలో వాడే డ్రైవర్ల మూటలో) పెట్టుకుంటాయి. గ్రబ్ మెనూలో (లినక్స్ లేచేముందు వచ్చే మెనూలో) ‘రెస్క్యూ’ అన్న వరుస ఎంచుకోండి. అందులో అన్ని డ్రైవర్లూ ఉంటాయి కనుక చాలాసార్లు లేస్తుంది. లేచాక ఆ మూటను తయారుచేసే ‘డ్రాకట్’ను ‘రీజనరేట్-ఆల్’, ‘ఫోర్స్’ తో నడపండి. రెస్క్యూ కూడా లేవకపోతే ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ రెస్క్యూలోకి వెళ్లి, క్రూట్ చేసి (డిస్కులోని లినక్స్‌లోకి అడుగుపెట్టి), అదే ఆదేశానికి ‘నో-హోస్ట్‌ఓన్లీ’ కలపండి.

9వ వెర్షనులో మరో చిక్కు ఉంది. ఎల్‌విఎం (డిస్కు జాగాను వాల్యూములుగా పంచే వ్యవస్థ) తనకు తెలిసిన డిస్కుల గుర్తులను ఒక ఫైలులో రాసుకుంటుంది. కొత్త డిస్కు గుర్తు అందులో లేకపోతే వాల్యూములే కనబడవు. ‘విజిఇంపోర్ట్‌డివైసెస్’ ఆదేశానికి ‘ఆల్’ కలిపి ఇచ్చి, తరువాత డ్రాకట్ మళ్లీ నడపండి. ఫైళ్లుగా మాత్రమే రీస్టోర్ చేసి ఉంటే ఎఫ్‌స్టాబ్‌లోని (బూట్‌లో తగిలించే డిస్కుల జాబితాలోని) యూయూఐడిలు, అంటే డిస్కు గుర్తింపు సంఖ్యలు, మార్చాలి, ఎస్ఈలినక్స్ భద్రతా గుర్తులు మళ్లీ వేయించేందుకు రూట్‌లో, ముందు చుక్క ఉన్న ‘.ఆటోరీలేబుల్’ అనే ఖాళీ ఫైలు పెట్టాలి. పెట్టకపోతే లాగిన్ కూడా కానివ్వదు.

ప్రశ్న: మాకు రెండు డొమైన్ కంట్రోలర్లు (అందరి లాగిన్లనూ చూసే సర్వర్లు). ఒకటి పోయింది. దాని ఇమేజి వేసేయమంటారా?
– కళాశాల ఉద్యోగి, జయపురం

జవాబు: వద్దు. రెండోది బాగుంటే పోయినదాని వివరాలను డైరెక్టరీ నుంచి శుభ్రం చేసి, కొత్త విండోస్ వేసి కంట్రోలరుగా చేర్చండి. పోయినదాని దగ్గర ప్రత్యేక పాత్రలు (ఒక్క కంట్రోలరే చేసే పనులు) ఉంటే ముందు వాటిని రెండోదానికి మార్చండి. పాత డిస్కు క్లోన్‌ను నేరుగా లేపితే రెండింటి లెక్కలూ తప్పి, మార్పులు ఒకదాన్నుంచి మరొకదానికి చేరవు. ఆ తప్పు వెంటనే బయటపడదు, అదే ప్రమాదం.

ప్రశ్న: రెండో సర్వర్ కొనే స్తోమత లేదు. మామూలు డెస్క్‌టాప్ మీద నడుస్తుందా?
– ఎరువుల దుకాణం, సిరొంచ

జవాబు: నిక్షేపంగా. పైగా మీలాంటివారికి మేం చెప్పేది వర్చువల్ యంత్రమే, అంటే కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేరుతో నడిచే మరో కంప్యూటరు. 32 జీబీ మెమరీ ఉన్న డెస్క్‌టాప్ మీద వర్చువల్ యంత్రాలు నడిపే ప్రాక్స్‌మాక్స్ వేసి, సర్వర్‌ను అందులోకి రీస్టోర్ చేయండి. డిస్కును మొదట సాటాగా పెట్టండి, లేవకపోతే పైన చెప్పిన స్టోర్‌ఏహెచ్‌సిఐ మార్పు చేయండి. ఆపై 1 జీబీ విర్టియో (వర్చువల్ యంత్రాలకు వేగమైన రకం) డిస్కు ఒకటి అదనంగా తగిలించి, విండోస్‌లో దాని డ్రైవరు వేసి, యంత్రం ఆపి అసలు డిస్కును విర్టియోకు మార్చండి. నేరుగా మారిస్తే పర్లాకిమిడి వారి నీలి తెరే మీకూ. ఒకసారి ఇలా మారాక అడుగున ఏ పెట్టె ఉన్నా లోపలి విండోస్‌కు కనబడే హార్డువేరు ఒకటే.

ప్రశ్న: మాకింకా ఏమీ కాలేదు. ఇప్పుడే ఏం దగ్గర పెట్టుకోవాలి?
– జిన్నింగు మిల్లు, కిన్వట్

జవాబు: ఒక 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో మీ విండోస్ ఇన్‌స్టలేషను, మీరు కొనగలిగే రెండు మూడు రకాల సర్వర్ల రైడ్, నెట్‌వర్కు డ్రైవర్లు విప్పి పెట్టండి. తుపాను తరువాత ఇంటర్నెట్ ఉండదు. ఒక కాగితం మీద బూట్ పద్ధతి, డిస్కు సైజులు, ఐపి చిరునామాలు, బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) వాడితే 48 అంకెల రికవరీ కీ, అకౌంటింగు సాఫ్ట్‌వేరు లైసెన్సు వివరాలు రాయండి. ఆ సాఫ్ట్‌వేరు డేటాను ఇమేజితో పాటు విడిగా కూడా కాపీ తీయండి. ఇమేజి లేవకపోయినా ఆ ఫోల్డరుతో ఏ కంప్యూటరులోనైనా సాయంత్రానికి బిల్లు కొట్టవచ్చు. మూడు నెలలకొకసారి ఆదివారం నాడు పాత డెస్క్‌టాప్ ఒకటి తీసుకుని, నెట్‌వర్కు తీగ పీకేసి, దాని మీద రీస్టోర్ చేసి చూడండి. తీగ ఉంచితే ఒకే పేరు, ఒకే ఐపితో రెండు సర్వర్లు లేచి అసలుది తడబడుతుంది. పెన్‌డ్రైవ్, కాగితం, బ్యాకప్ డిస్కు మిల్లులో కాదు, వేరే ఊళ్లో మీ నమ్మకస్తుల ఇంట్లో ఉంచండి.