సైన్యంలో వకీలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

డాలస్‌లో మా అన్నయ్య కూతురు లా చదువుతోంది. అమెరికా ఆర్మీలో లాయరుగా చేరతానంటోంది. గ్రీన్‌కార్డు చాలుతుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

చాలదు. గ్రీన్‌కార్డుతో సిపాయిగా చేరొచ్చు గాని, ఆఫీసరు కావాలంటే పౌరసత్వం తప్పనిసరి. ఆర్మీ లాయర్లంతా ఆఫీసర్లే. గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేళ్లకు పౌరసత్వానికి అర్హత వస్తుంది, ఆ గడువుకు 90 రోజుల ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ లెక్క ఇప్పుడే చూసుకోమనండి. అమెరికన్ బార్ అసోసియేషన్ (అక్కడి లాయర్ల సంఘం) గుర్తించిన కాలేజీలో జె.డి. (అమెరికా లా డిగ్రీ) పట్టా, ఏదో ఒక రాష్ట్రపు బార్ పరీక్షలో (లాయరు లైసెన్సు పరీక్షలో) ఉత్తీర్ణత కావాలి. టెక్సాస్ బారే కానక్కర్లేదు. ముందు ఫోర్ట్ బెన్నింగ్‌లో ఆరు వారాల సైనిక శిక్షణ, తర్వాత వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో పది వారాలకు పైగా సైనిక న్యాయ పాఠాలు ఉంటాయి. నాలుగేళ్లు పనిచేయక తప్పదు.

మన ఎల్.ఎల్.బి.తో చేరొచ్చా?
– ఒక విద్యార్థి, గుంటూరు

కుదరదు. ఎల్.ఎల్.బి. మీద అక్కడ ఎల్.ఎల్.ఎం. చేసి న్యూయార్క్ బార్ పరీక్ష రాసేవాళ్లున్నారు గాని, ఆర్మీ అడిగేది జె.డి.

నిందితుడి తరఫు లాయరూ సైన్యం మనిషే. పైఅధికారిని ఎదిరించి ఎలా వాదిస్తాడు?
– ఒక న్యాయవాది, రాజమహేంద్రవరం

అసలు చిక్కంతా ఇక్కడే. నిందితుణ్ని కోర్టు మార్షల్‌కు (సైనిక కోర్టు విచారణకు) పంపాలా వద్దా అన్న నిర్ణయం సంప్రదాయంగా కమాండరుది. తన సీఆర్ (పనితీరు రిపోర్టు) రాసే అధికారితో ఎవరు తగువు పెట్టుకుంటారు? అందుకే 1980లో ఆర్మీ డిఫెన్సు లాయర్లను విడిగా తీసి ప్రత్యేక విభాగం కింద పెట్టింది. వాళ్ల పనితీరు రిపోర్టు రాసేది ఆ విభాగంలోని సీనియర్ లాయర్లే, స్థానిక కమాండరు కాదు. కమాండరుకు సలహా చెప్పే లాయరుకూ ఒక దారి ఉంది: అమెరికా సైనిక న్యాయ స్మృతి 6వ అధికరణ ప్రకారం అతను పై కమాండులోని న్యాయాధికారితో నేరుగా మాట్లాడొచ్చు.

అదే స్మృతిలోని 37వ అధికరణ ఇంకా పదునైనది. తీర్పును ప్రభావితం చేసేలా పైవాళ్లు నోరు జారితే కేసే దెబ్బతింటుంది. లైంగిక దాడి చేసినవాళ్లను అవమానకరంగా సాగనంపాలని 2013లో అధ్యక్షుడు ఒబామా బహిరంగంగా అన్నారు. ఆ మాటల వల్లే హవాయిలో ఒక నౌకాదళ జడ్జి, ఇద్దరు నిందితులు దోషులని తేలినా సర్వీసు నుంచి తొలగించే శిక్ష వేయడానికి వీల్లేదన్నాడు! హత్య, అత్యాచారం వంటి నేరాల్లో 2023 డిసెంబరు 28 నుంచి కోర్టు మార్షల్‌కు పంపే నిర్ణయాధికారమే కమాండర్ల చేతి నుంచి ప్రత్యేక ప్రాసిక్యూటర్లకు వెళ్లింది. ఆలస్యంగానైనా మంచి మార్పే.

లాయరుగా చేరి ఎంత పైకి పోవచ్చు?
– ఒక పాఠకుడు, కరీంనగర్

ఆర్మీ న్యాయ విభాగాధిపతి పదవి దాకా. 2008లో ఆ పదవికి లెఫ్టినెంట్ జనరల్ హోదా (మూడు నక్షత్రాలు) దక్కింది. రట్గర్స్‌లో లా చదివిన ఫ్లోరా డార్పినో 2013లో ఆ పదవి చేపట్టారు. 1775లో పుట్టిన ఆ విభాగానికి 238 ఏళ్లలో తొలి మహిళా అధిపతి ఆవిడే. ఆ అధిపతి ఇచ్చే న్యాయ సలహాలో రక్షణ శాఖలో ఎవరూ జోక్యం చేసుకోకూడదని చట్టం. పదవికి మాత్రం ఆ భరోసా లేదు: 2025 ఫిబ్రవరిలో ఆర్మీ, నౌకాదళ, వైమానిక దళ న్యాయ విభాగాధిపతులను మారుస్తున్నట్టు రక్షణ మంత్రి ఒక్కసారే ప్రకటించారు.