ఎన్నాళ్ళు ఆగాలో ముందే రాసుకో, బిడ్డా

బిడ్డా,

గ్రూప్-2 పరీక్ష మళ్ళీ వాయిదా పడిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నల్లగొండ హాస్టల్లో అన్నం కూడా మానేసి పడుకున్నావట. ముందు లేచి తిను. "అంతా మన మంచికే" అని నేను రాయను. పరీక్ష ఆగిపోతే ఎవరికి మంచి? 2022 నాటి గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు జరిగి రెండుసార్లూ రద్దయింది. 2024లో ఆ నోటిఫికేషనే పోయి కొత్తది వచ్చింది. చదివినవాళ్ళు చేసిన తప్పేముంది అందులో? ఓ వారం ఏడువు, తిట్టు. కానీ ఆ వారంలో ఏ నిర్ణయమూ తీసుకోకు. పుస్తకాలు పాత పేపర్ల కొట్టుకు వేయకు.

తర్వాత ఏం చేయాలో నాకు తెలిసింది చెప్తాను. నా నౌకరీ అంతా అచ్చంపేట, కల్వకుర్తి, దేవరకొండ మెట్ట రైతుల మధ్యే గడిచింది కదా. అనుకున్న రోజున వాన పడే నేల కాదు ఇది. అందుకే ఆరితేరిన రైతు మొదటి జల్లుకే పత్తి గింజ పెట్టడు. అరవై, డెబ్బై మిల్లీమీటర్ల వాన పడి, మట్టి పిడికిట్లో పిసికితే ముద్ద కావాలి. జూలై మూడో వారం దాటిందా, ఇక పత్తి మాట ఎత్తడు, ఆముదం చూస్తాడు. అదీ దాటితే ఉలవలు.

దేవరకొండ దిక్కు ఒక ముసలాయన ఉండేవాడు. అటక మీద కుండలో ఉలవలు, వాటిలో బూడిద, పైన ఎండు వేపాకు. ఓ ఏడు జూన్‌లో మృగశిర కార్తె నుంచే వాన మొహం చాటేసింది. కొడుకు రోజూ మబ్బు చూస్తూ అరుగు మీదే కూర్చునేవాడు. ఆగస్టు మొదట్లో, పుష్యమి కార్తె వెళ్ళిన తెల్లారి ముసలాయన ఏమీ అనకుండా కుండ దించి, ఉలవలు చాటలో పోసి చెరగడం మొదలుపెట్టాడు. "ఇంకో వారం చూద్దాం నాయనా" అన్నాడు కొడుకు. "చూసే వారాలు మృగశిరలోనే లెక్కపెట్టుకున్నం గదరా" అన్నాడాయన, చాట ఆపకుండానే.

నువ్వు చేయాల్సిందీ అదే. ఎప్పటిదాకా ఆగుతావో మనసు కుదురుగా ఉన్నప్పుడే రాసుకోవాలి. టెన్షన్‌లో పెట్టుకున్న గడువు నిలవదు, "ఇంకొక్క నోటిఫికేషన్" అంటూ ముందుకు జరుగుతూనే ఉంటుంది. తేదీ రాసిన కాగితం మీ నాన్నకు చూపించు, ఇంట్లో ఒకరికి తెలిస్తే జరపడం కష్టం. ఆ తేదీ దాటితే చదువు మానేయమని కాదు. ఉలవలు చల్లినవాడు వచ్చే మృగశిరకు మళ్ళీ పత్తి పెట్టుకోవచ్చు, పొలం ఎక్కడికీ పోదు. అప్పటిదాకా రోజంతా చదివేదానివి, అప్పటినుంచి పొద్దున రెండు గంటలు చదువు, మిగతా పూట ఏదైనా పని. అంతే తేడా.

"ఉత్తర చూసి ఎత్తర గంప" అని సామెత ఉంది కదా. ఉత్తర కార్తెలోనూ చినుకు లేకపోతే గంప నెత్తికెత్తుకుని ఊరు వదలమని. పాలమూరు జనం తరతరాలు అదే చేశారు, ఎక్కడెక్కడికో పోయి ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. "ఎక్కడైనా ఇమిడిపోతారండీ వీళ్ళు" అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. కుండలో గింజ లేనివాడు గంప ఎత్తడం ఇమిడిపోవడమా? గతిలేక పోవడం అది. దారి మార్చుకోవాలంటే చేతిలో ఎంతో కొంత ఉండాలి.

నీ చేతిలో ఏముందో చూడు. బీఎడ్ ఉంది. టీచర్ కొలువుకు అర్హత పరీక్ష టెట్ ఇంకా రాయలేదు, అది రాసెయ్. 2021 నుంచి ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతోంది, ఒక్కసారి పాసైతే చాలు. గ్రూప్-2కు చదివినదాంట్లో చాలా భాగం గ్రూప్-3కి పనికొస్తుంది కాబట్టి దాన్నీ వదలకు. మూడు నెలల హాస్టల్ ఖర్చు పక్కన పెట్టి ముట్టుకోకు. కోచింగ్ కోసం అప్పు మాత్రం చేయొద్దు. ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ణే.

ఇంకొకటి, నీకు నిజంగా కావాల్సింది ఏమిటి? ఆ పోస్టేనా, నెల తిరిగేసరికి జీతమా, అమ్మానాన్నలకు దగ్గరగా ఉండటమా? జీతం, ఊరు కావాలంటే వాటికి వేరే తోవలున్నాయి. పోస్టే కావాలంటే అలాగే కానీ, అప్పుడు గడువు కాస్త పొడుగ్గా పెట్టుకో.

పెళ్ళెప్పుడని అడిగే చుట్టాలకు "మామను అడగండి" అని చెప్పు, నేను చూసుకుంటాను.

బతుకమ్మకు వచ్చేటప్పుడు బీఎడ్ మెమోల ఒరిజినల్స్ తెచ్చుకో. ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు సోషల్ చెప్పేవాళ్ళు కావాలంటున్నారు, మధ్యాహ్నం దాకే పని. జీతం తక్కువే చెప్పారు. నువ్వొచ్చాక ఇద్దరం వెళ్ళి మాట్లాడదాం.

మీ మామ,
కల్వకుర్తి