కణంలో కణమా?

ప్రశ్న: జీవుల్లో క్వాంటం భౌతికశాస్త్రం పాత్రను గురించిన ఒక వ్యాసంలో ‘కణంలోని కణాలు సొరంగం గుండా అడ్డంకిని దాటుతాయి’ అన్న వాక్యం చదివి మా విద్యార్థులు తికమకపడ్డారు. ఈ ప్రయోగం సాధువేనా?
– ఒక ఉపాధ్యాయుడు, నాగర్‌కర్నూలు

సమాధానం: తప్పు విద్యార్థులది కాదు, వాక్యానిది. జీవశాస్త్రంలో ఒక కణం (సెల్), భౌతికశాస్త్రంలో మరొక కణం (పార్టికిల్) ఇన్నాళ్లూ వేరువేరు తరగతుల్లో నడిచాయి కనుక చెల్లిపోయింది. రెండు శాస్త్రాలూ కలిసేచోట చెల్లదు.

కణమంటే గింజ, నూక, తునక. అమరకోశం ‘లవలేశకణాణవః’ అంటూ దీనిని లవం, లేశం, అణువులతో ఒకే వరుసలో చేర్చింది. వైశేషిక దర్శనకర్త కణాదుడి పేరుకు ‘గింజలు తినేవాడు’ అని అర్థం చెబుతారు. కోతలైన చేలలో రాలిన గింజలు ఏరుకొని బతికేవాడని సంప్రదాయం. దానినే మనం పరిగె ఏరుకోవడం అంటాం. ఆ దర్శనంలో రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం. కిటికీలోంచి పడే ఎండలో తేలాడే నలుసు ఆ త్ర్యణుకమే. ఎంత చక్కని పరిభాష! అయితే దీనిని చూపి క్వాంటం సిద్ధాంతం కణాదుడికి ముందే తెలుసని చెప్పడం సరికాదు. శక్తి విడివిడి మోతాదుల్లో వెలువడుతుందన్న ఊహ 1900లో జర్మన్ భౌతికశాస్త్రవేత్త మాక్స్ ప్లాంక్ చేసినది; క్వాంటం సిద్ధాంతం మొదలైంది అక్కడే.

కాబట్టి ఎలక్ట్రాన్, ప్రోటాన్ వంటివాటిని కణాలనడం న్యాయమే. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసినవి మాత్రం గింజలు కావు, చిన్న చిన్న గదులు. గది అనే అర్థమున్న ‘సెల్’ అన్న ఇంగ్లీషు పేరు అందుకే వచ్చింది. కృష్ణ దాటి రాయచూరు వెళితే కన్నడంలో ‘జీవకోశ’ అంటారు, హిందీలో ‘కోశిక’ అంటారు. గదికి గింజ పేరు పెట్టింది మనం. పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన ‘జీవకణం’ను ఇప్పుడు పెకలించమనను గాని, అందులోని ‘జీవ’ను కూడా కోసివేసే నేటి తొందర నాకు బాధ కలిగిస్తున్నది.

ఇక ఇంగ్లీషు ‘టనెలింగ్’కు సొరంగం మాట పనికివస్తుంది, రంధ్రమేదీ పడదని చెప్పినంతవరకు. కల్లును పులియబెట్టే ఈస్టులోని ఒక ఎంజైము పనిచేసేటప్పుడు హైడ్రోజన్, అడ్డంకిని ఎక్కి దాటేంత శక్తి లేకున్నా, అవతలికి చేరగలదని 1989లో జుడిత్ క్లిన్‌మన్ బృందం ప్రయోగాలతో చూపింది.

కనుక ‘జీవకణంలోని ఎంజైముల్లో హైడ్రోజన్ సొరంగ ప్రక్రియతో అడ్డంకిని దాటగలదు’ అని, ఏ కణమో పేరుపెట్టి రాయడం మేలు. ‘జీవకోశం’ అని రాసేవారిని నేను తప్పుపట్టను. పరీక్ష రాసే పిల్లలు మాత్రం ప్రస్తుతానికి పుస్తకంలోని మాటనే వాడడం క్షేమం.