గడప దగ్గర ఆగే దెయ్యాలు

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 41 ఏళ్ళు, బ్యాంకులో ఉద్యోగం. దెయ్యాలున్నాయని నేను నమ్మను. కానీ రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో చదివేవన్నీ ఆత్మల కథలే, చూసే సిరీస్‌లూ అవే. అందులోనూ సిటీలో, అపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో జరిగేవైతే వదలను. "దీపం పెట్టే ఇంట్లో అవేం కథలమ్మా" అని మా అత్తయ్య కోప్పడతారు. మావారేమో "ఇంత చదువుకుని మూఢనమ్మకాలేంటి" అంటారు. నాకెందుకు ఇవంటే ఇంత ఇష్టం?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: అమ్మా, నేను 31 ఏళ్ళు శాఖా గ్రంథాలయంలో పనిచేశాను. 1980లలో మా దగ్గర యండమూరి చేతబడి నవల 'తులసిదళం' ఒక్క కాపీయే ఉండేది. దాన్ని మూడుసార్లు కుట్టించాం. 'క్షుద్ర సాహిత్యం' అని దానిమీద గట్టిగా విమర్శలు వస్తున్న రోజులవి. అయినా ఇష్యూ రిజిస్టర్‌లో దాని ఎదురుగా లెక్కల మాస్టారి సంతకం ఉండేది, ఆసుపత్రి నర్సు సంతకం ఉండేది. వీళ్ళెవరూ తాయెత్తులు కట్టుకునేవాళ్ళు కారు. చేతబడి ఏ పాడుబడ్డ కోటలోనో కాకుండా, తమలాంటి ఉద్యోగస్తుల ఇంట్లోకి వచ్చిందని చదువుతుంటే వాళ్ళకి ఊపిరాడేది కాదు. మర్నాడు పుస్తకం తిరిగిచ్చేటప్పుడు కౌంటర్ దగ్గరే నిలబడి అరగంట మాట్లాడేవారు.

చాలా ఏళ్ళు దీనికి కారణం భయమే అనుకున్నాను. 1990లలో రాత్రిళ్ళు ఒక ఆడదయ్యం వచ్చి తలుపు కొడుతుందని, తలుపు మీది రాత చదివి వెనక్కి పోతుందని పుకారు పుట్టింది. మా వీధిలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాతలు వెలిశాక వేరేగా ఆలోచించాను. కర్ణాటకలోనూ అప్పట్లో ఇదే పుకారు, అక్కడ 'నాళె బా' (రేపు రా) అని రాసుకునేవారు. మా పక్కింటి పిల్ల సుద్దముక్క పట్టుకుని నన్నడిగింది: "అత్తా, దయ్యానికి చదువొచ్చా? రేపు మళ్ళీ వస్తే?" అడిగి, జవాబూ తనే చెప్పింది: "రేపు వచ్చినా ఇక్కడ రేపు అనే ఉంటుందిగా!" ఆ పిల్ల ధైర్యం చూడండి. దయ్యం ఎంత బలమైనదైనా గుమ్మం మీది మాటని దాటలేదని దానికి గట్టి నమ్మకం.

బేతాళుడిదీ ఇదే పద్ధతి. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల వెయ్యి ముక్కలవుతుంది, చెబితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. రాజు ఇరుక్కుపోయాడు, నిజమే. కానీ ఏ షరతులో ఇరుక్కున్నాడో అతనికి తెలుసు.

1897లో వచ్చిన ఇంగ్లీషు నవల 'డ్రాక్యులా'ని మనం పాత కోట కథగా గుర్తుపెట్టుకుంటాం. మళ్ళీ తీసి చదవండి. లండన్‌లో ఇల్లు కొనే కాగితాల పనిమీద ఒక కుర్ర లాయరు ఆ కోటకి వెళ్తాడు. రక్తం తాగే ఆ ప్రభువు ఓ సాయంత్రం సోఫాలో పడుకుని ఇంగ్లండు రైళ్ళ టైంటేబుల్ చదువుకుంటూ కనిపిస్తాడు! అతన్ని పట్టుకోవడానికి బయల్దేరినవాళ్ళు టైప్‌రైటర్, ఫోనోగ్రాఫ్, టెలిగ్రాం వాడతారు. ఆనాటి పాఠకుడికి అవి ఇవాళ్టి మన ఫోన్‌లాంటివి. ఇంత కొత్తకాలపు కథలోనూ, ఏ ఇంటికి వెళ్ళినా ఆ ఇంటివాళ్ళలో ఒకరు మొదటిసారి పిలవందే డ్రాక్యులా గడప దాటలేడు. పిలిస్తేనే లోపలికి రాగలడు. మన గుమ్మాలకి పసుపు రాసి, పైన బూడిద గుమ్మడికాయ కట్టే అత్తయ్యగారికి ఈ సంగతి చెప్పండి, ఆవిడకి వెంటనే అర్థమవుతుంది.

రిటైరయ్యాక నేను హైదరాబాద్‌లో మా అబ్బాయి ఫ్లాట్‌లో ఉంటున్నాను, తొమ్మిదో అంతస్తు. ఎదురింటివాళ్ళ పేరు తెలియడానికి నాకు ఏడాది పట్టింది. మా ఊళ్ళో దిగుడుబావికి ఒక కథ ఉండేది, అందులో పడి చనిపోయిన కోడలి పేరు అందరికీ తెలుసు. ఈ ఫ్లాట్ కింద ఏముండేదో చెప్పేవాళ్ళు లేరు. ఇంట్లో పిల్లాడి ఉద్యోగం ఒక ఈమెయిల్‌తో పోతుంది. ఎందుకు పోయింది అంటే ఎవరిని అడగాలి? కథలో దయ్యానికైతే పేరుంటుంది, కోపం ఉంటుంది, ఆ కోపానికి కారణం ఉంటుంది. తెల్లవారేలోగా ఆ కారణం కనిపెట్టేస్తాం. రోజంతా కారణం చెప్పని వాటితో వేగినవాళ్ళకి రాత్రి అది ఎంత ఊరటో నాకు తెలుసు. మీ ఇష్టం అక్కడి నుంచే వస్తోందని నా నమ్మకం.

మీవారి మాట మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక పిల్లాడికి జ్వరం తగ్గకపోతే, ఒంటరిగా ఉండే ముసలమ్మ చేతబడి చేసిందన్నారు. రాత్రికి రాత్రి ఆమెని ఊరు దాటించారు. ఆవిడ చెప్పేది ఒక్కరూ వినలేదు. మా నాన్న కూడా అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ చంకలో ఉన్న సత్తు గిన్నె నాకింకా కళ్ళముందే ఉంది. మూఢనమ్మకం అంటే అదమ్మా. మీరు చదివే మంచి కథలో దయ్యం వైపు కథ కూడా వింటారు. మంటల్లో పోయిన అమ్మాయి ఎలా పోయిందో, ఎవరు తలుపు గడియ పెట్టారో అడుగుతారు. వినకుండా నింద వేసే కథలూ ఉన్నాయి. పక్కింటి ముసలావిడనో, వేరే మతంవాళ్ళనో భూతంలా చూపించి భయపెట్టే కథ కనిపిస్తే సగంలోనే మూసేయండి. నేను అలాగే చేస్తాను.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. హైదరాబాద్‌లో జరిగే ఇలాంటి కథ రాయాలనుంది. వ్యాంపైర్లు పెడితే అరువు తెచ్చినట్టుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: బాబూ, ముందు నీ దయ్యం ఏం చెయ్యలేదో రాసుకో. ఏం చెయ్యగలదో తర్వాత. దానికి అన్నీ చేతనైతే నాలుగో పేజీకి టెన్షన్ పోతుంది.

తర్వాత అరువు అక్కర్లేని చోటు వెతుక్కో. ఒకటి నేను చెబుతాను. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది పోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలెక్కి సుమారు 150 మంది బతికారు. ఊళ్ళల్లో చింతచెట్టంటే దయ్యాలుండే చెట్టు కదా, అక్కడ మాత్రం అది మనుషుల్ని మోసింది. కొమ్మ అందక కిందే ఉండిపోయినవాళ్ళెవరో నీ కథకి తెలియాలి. ఒక సాయంత్రం వెళ్ళి ఆ చెట్టు కింద కాసేపు నిలబడు. ఫోన్ జేబులోనే ఉంచుకో. రాశాక నాకు పంపు, చదువుతాను.