కొత్త షూ కరిచింది డాక్టర్ గారూ, బొబ్బ పగలగొట్టాలా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఈ నెలలోనే హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను. ఆఫీసుకి ఫార్మల్ షూ తప్పనిసరి అంటే కొత్త లెదర్ షూ కొన్నాను. రెండో రోజే మెట్రో స్టేషన్ నుంచి ఆఫీసు దాకా నడిచేసరికి కుడి మడమ వెనక రూపాయి బిళ్లంత నీటి బొబ్బ లేచింది. అడుగు వేస్తే ప్రాణం పోతోంది. అమ్మేమో సూదీదారంతో పొడిచి, దారం లోపలే ఉంచి పసుపు అద్దమంటోంది. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ ఇచ్చి, టీటీ ఇంజెక్షన్ కూడా చేయించుకోమన్నారు. సోమవారం మళ్లీ షూ వేసుకోవాలి. ఏం చేయను? అన్నట్టు, నాన్నకు పదేళ్లుగా షుగర్ ఉంది. ఆయన కూడా నాతోపాటే అదే షాపులో షూ కొన్నారు.
- ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అసలు ముఖ్యమైన సంగతి మీరు చివర్లో "అన్నట్టు" అని రాశారు. దాని దగ్గరికి వస్తాను, ముందు మీ మడమ సంగతి చూద్దాం.

బొబ్బ మీద పలచటి తోలు ఉంది చూశారా, దాన్ని మాత్రం పీకొద్దు. దానంత మంచి బ్యాండేజీ ఏ మెడికల్ షాపులోనూ దొరకదు. నడుస్తున్నప్పుడు షూ వెనక అంచు మీ చర్మాన్ని పట్టుకుని ఉంటుంది, లోపల ఎముక మాత్రం అడుగడుక్కీ కిందికీ పైకీ కదులుతుంటుంది, ఆ రెండింటి మధ్య నలిగి నలిగి చర్మం పొరలు విడిపోతాయి, ఆ సందులోకి నీరు చేరుతుంది. చెమటతో కాలు తడిగా ఉంటే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఆ నీరు చీము కాదు, "చెడు నీరు" అసలే కాదు. రక్తంలోంచి ఊరిన శుభ్రమైన ద్రవం. దాని కింద ఒక రోజు తిరిగేసరికే కొత్త కణాలు పుట్టడం మొదలవుతుంది, ఐదారు రోజులకల్లా కొత్త చర్మం కట్టుకుంటుంది. ఆ పనికి మనం అడ్డం పడకుండా ఉంటే చాలు.

అందుకే బొబ్బ చిన్నదైతే, పెద్దగా నొప్పి లేకపోతే ముట్టుకోవద్దనే చెబుతాను. మీది రూపాయి బిళ్లంత ఉంది, పైగా అడుగు వేయలేకపోతున్నారు, షూ తగిలితే అదే పగిలి తోలు ఊడిపోతుంది. కాబట్టి నీరు తీసేయొచ్చు, కానీ పద్ధతిగా. ముందు చేతులూ, మడమా సబ్బుతో కడుక్కోండి. బొబ్బ మీద బెటాడిన్ రాసి ఆరనివ్వండి. మెడికల్ షాపులో సీల్ తీయని సిరంజి సూది అడిగి తెచ్చుకోండి. ఇంట్లో బట్టలు కుట్టే సూదిని గ్యాస్ పొయ్యి మీద కాల్చి పొడుస్తుంటారు, ఆ మసి కూడా పుండులోకే పోతుంది. నడిమధ్యన కాకుండా అంచున, అడుగు భాగంలో రెండు మూడు చోట్ల చిన్నగా గుచ్చి, శుభ్రమైన గాజుగుడ్డతో మెల్లగా అదిమితే నీరంతా వచ్చేస్తుంది. పైతోలును అలాగే కిందికి సర్ది, కొంచెం వాసెలిన్ రాసి, అంటుకోని డ్రెస్సింగ్ వేయండి. రోజుకోసారి మార్చండి, తడిస్తే వెంటనే మార్చండి. మర్నాటికి మళ్లీ నీరు చేరితే కంగారు పడొద్దు, అలా అవుతుంది, ఇంకోసారి అలాగే తీయొచ్చు. బొబ్బలో ఎర్రగా రక్తం కనిపిస్తే మాత్రం గుచ్చొద్దు. నొప్పికి పారాసెటమాల్ చాలు.

ఇక అమ్మగారి దారం. అందులో లాజిక్ లేకపోలేదు, దారం దీపంలో వత్తిలా నీటిని బయటికి లాగుతుంది, మా అమ్మమ్మ కూడా అలాగే చేసేది. కాకపోతే అదే వత్తి పట్టుకుని బయటి క్రిములు లోపలికి దిగుతాయి. పసుపు మీద నాకేం కోపం లేదు, కూరలో వేసుకోండి. డబ్బాలోని పసుపు క్రిములు లేని పొడి కాదు, పచ్చి పుండు మీద అట్టకట్టిందంటే కింద చీము పడుతున్నా కనపడదు. టూత్‌పేస్టు, సున్నం, కాఫీ పొడి, వీటన్నిటికీ ఇదే సమాధానం. ఒకవేళ తోలు ఊడిపోయి ఎర్రగా చర్మం బయటపడితే దాని మీద స్పిరిట్ పోయొద్దు, మంట సంగతి అలా ఉంచండి, కొత్తగా పుడుతున్న కణాలు దెబ్బతింటాయి. నీళ్లతో కడిగి వాసెలిన్, డ్రెస్సింగ్, అంతే.

మీకిచ్చిన యాంటీబయాటిక్ పక్కన పెట్టేయండి, ఇన్ఫెక్షన్ లేనిచోట దానికి పనే లేదు. ధనుర్వాతం రాకుండా వేసే టీటీకి బదులు ఇప్పుడు టీడీ ఇస్తున్నారు, అది ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియాకి కూడా టీకా. పదహారేళ్లప్పుడు వేసే డోసు మీరు వేయించుకుని ఉంటే, చిన్నప్పటి టీకాలన్నీ పూర్తయి ఉంటే, ఈ శుభ్రమైన బొబ్బకి మళ్లీ అక్కర్లేదు. అసలు వేయించుకున్నారో లేదో గుర్తు లేకపోతే మాత్రం వేయించుకోండి.

అలాగని బొబ్బే కదా అని వదిలేయకండి. 1924లో అమెరికా అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ కొడుకు, 16 ఏళ్ల కుర్రాడు, సాక్సు లేకుండా షూ వేసుకుని వైట్‌హౌస్‌లో టెన్నిస్ ఆడితే కాలి వేలి మీద బొబ్బ లేచింది, అది విషమించి రక్తంలోకి పాకి వారం రోజులకే పోయాడు. అప్పటికి పెన్సిలిన్ కనిపెట్టలేదు. ఇప్పుడు మందులున్నాయి, వేళకి వెళ్లడమే మన పని. బొబ్బ చుట్టూ ఎరుపు రోజురోజుకీ పాకుతున్నా, చీము కనిపించినా, కాలి మీద పైకి ఎర్రటి గీత పడినా, గజ్జల్లో బిళ్ల కట్టినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టర్‌కి చూపించండి.

సోమవారానికి వెనక పట్టీ లేని చెప్పులే వేసుకెళ్లండి. ఆఫీసులో ఏమంటారో అని టెన్షన్ పడేకన్నా మేనేజర్‌కి ఆ బొబ్బ ఫొటో ఒకటి పంపండి, ఒప్పుకోకుండా ఉండటం కష్టం. షూ తప్పదంటే మందపాటి ఫోమ్ ముక్కకి గారెలా మధ్యలో చిల్లు చేసి, బొబ్బ ఆ చిల్లులోకి వచ్చేలా అంటించుకోండి, ఒత్తిడి చుట్టూ పడుతుంది గానీ దాని మీద పడదు. మానాక ఆ షూని ఇంట్లోనే రోజుకో గంట వేసుకుని తిరగండి. మా తాతయ్య కొత్త తోలు చెప్పులకి ఆముదం రాసి రెండు రోజులు పక్కన పెట్టేవారు, మెత్తబడేదాకా ఊరు దాటేవారు కాదు. బయటికి వెళ్లే రోజు మడమ మీద మైక్రోపోర్ టేపు, అదే కాగితంలా ఉంటుందే, ముడతల్లేకుండా అంటించుకోండి. ఎడారుల్లో సుమారు 250 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్ల మీద స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు పరీక్షించి ఈ చవక టేపు బొబ్బల్ని బాగా తగ్గిస్తోందని 2016లో చెప్పారు. పచ్చి బొబ్బ మీద మాత్రం నేరుగా అంటించొద్దు, తీసేటప్పుడు తోలు లేచొస్తుంది. సాక్సు పూర్తి కాటన్‌వి అయితే చెమట పీల్చుకుని తడిగానే ఉంటాయి, స్పోర్ట్స్ సాక్సు నయం. ఇంకోసారి షూ కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, పొద్దున సరిపోయినవి సాయంత్రానికి కరుస్తాయి.

ఇప్పుడు నాన్నగారు. మీకు నొప్పి పుట్టింది కాబట్టి ఆగిపోయారు, నాకు రాశారు. పదేళ్ల షుగర్‌లో పాదాల్లో నరాలు మొద్దుబారి ఉండొచ్చు, అదే బొబ్బ ఆయనకి లేస్తే తెలియకపోవచ్చు, సాక్సుకి తడి అంటినప్పుడు గానీ బయటపడదు, అప్పటికది పుండై కూర్చుంటుంది. పైన మీకు చెప్పిన సూది వైద్యం ఆయనకి పనికిరాదు. ఎంత చిన్న బొబ్బయినా ఇంట్లో గుచ్చకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆనెలకి వేసే ప్లాస్టర్లు కూడా వద్దు, వాటిలో యాసిడ్ ఉంటుంది. కొత్త షూ మొదట్లో గంటకి మించి వేసుకోనివ్వకండి, వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి రాయీ రప్పా, మేకు మొనా ఏమన్నా ఉందేమో తడిమి చూడమనండి. ఆయన పాదాలకి ఏటా ఒకసారైనా స్పర్శ పరీక్ష చేయించాలి, సన్నటి నైలాన్ తీగతో తాకి చూస్తారు, రెండు నిమిషాల పని. ఇప్పటిదాకా చేయించలేదంటే ఈ వారమే చేయించండి. ఈలోగా ఈ రాత్రి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, లైటు వేసి, మడమలూ వేళ్ల సందులూ మీరే ఒకసారి చూడండి, ఆ కొత్త షూ ఆయన ఇప్పటికే వేసుకుని ఉండొచ్చు.