భూగోళ పాఠాన్ని చేతులతో చేయిస్తూ ఎలా చెప్పాలి?

ఏడో తరగతి పిల్లలకు భూగోళం, లెక్కలు, సైన్సు కలిపి నేర్పడం ఎలా అని నెల్లూరు టీచర్ గారు అడిగారు.

ఉప్పుతో మొదలుపెట్టండి మేడమ్. మైపాడు బీచ్ నుంచి లీటరు సముద్రపు నీళ్లు పెద్దవాళ్లతో తెప్పించి, స్టీలు పళ్లెంలో పోసి ఎండలో పెట్టించండి. నీళ్లు ఇగిరేకొద్దీ అంచుల వెంట తెల్లటి పొర కడుతుంది. దాన్ని పిల్లలే గీకి తూకం వేయాలి, మీరు చెయ్యి పెట్టొద్దు. సముద్రాల్లో సగటున లీటరుకు 35 గ్రాములు. మనకు కాస్త తగ్గొచ్చు, బంగాళాఖాతంలో పెద్ద నదులు చాలా కలుస్తాయి కదా! వానాకాలంలో పెన్నా కలిసేచోటి నీళ్లతోనూ చేయిస్తే, ఇంకా ఎందుకు తగ్గిందో వాళ్లే అడుగుతారు. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్నా కథ అప్పుడు ఎత్తుకోండి.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఆ నెలల్లో ఉప్పు మడులు ఏమవుతాయో అక్కడ పనిచేసే తాతనెవరినైనా అడిగి రాసుకురమ్మనండి.